క్రొత్తగా వడ్రంగము నేర్చువారు కలప ఎక్కడ కొనవలయును?

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు మాటలాడుటకు నాకవకాశ మొసగిన కార్యదర్శిగారికి కృతజ్ఞుడను. వారు నాకు వ్రాసిన లేఖలో, "మీరు సంస్కృతము చదివినవారు గనుక మన పూర్వుల శిల్పశాస్త్రములను గూర్చి నాలుగు మాటలు చెప్పుడు" అని కోరిరి. పూర్వుల గొప్పతనమును గూర్చి మన సభలలో మంచి యుపన్యాసములే జరుగుచున్నవి, అవి జరుగవలసినవే. కాని నేను నేడు అంతకంటె చిన్నదియు, బజారుకు సంబంధించినదియు నగు విషయము నెత్తికొనుచున్నాను. పదునెనిమిదేండ్ల పిల్లవాడొకడు వడ్రంగము నేర్వదలచి మన యొద్దకు వచ్చి, "అయ్యా, ఒక పీట చేయుటకు తగిన మంచి పలక ఎక్కడ దొరకును?" అని యడిగినచో, వానికి తిన్నగా సమాధానము చెప్పగలవారము ఈ పందిటిలో ఎందఱము కలము? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పువారు లేకపోవుటచేతనే మన పిల్లలలో కొందఱు చేతిలోని యులిని క్రింద పెట్టుచున్నారని నా తలంపు.

ముందుగా నా సంగతి చెప్పెదను. మా తండ్రిగారు గోదావరి డెల్టాలోని ఒక పల్లెలో నాగళ్ళు, బండ్లు, తలుపులు చేసి సంసారమును నడపినవారు. వారు నన్ను పనికొట్టములోనికి రానీయలేదు. "ఈ కష్టము నాతో చాలును, నీవు చదువుకొనుము" అని సంస్కృత పాఠశాలలో చేర్పించిరి. ముప్పదినాలుగేండ్లు ఉన్నత పాఠశాలలో పాఠములు చెప్పి, ఉద్యోగవిరమణానంతరము ఒకనాడు వారి పనిముట్ల పెట్టెను తెఱచితిని. బాడిస, రంపము, చిత్రిక, ఆఱు ఉలులు, మూలమట్టము, అన్నియు నూనెగుడ్డలో చుట్టియుండెను. అఱువదియేండ్లు నిండిన పిమ్మట నేను వడ్రంగమున అక్షరాభ్యాసము మొదలుపెట్టితిని.

మొదట ఒక పీట చేయవలెనని సంకల్పించి సమీపపట్టణములోని ఒక కలప అడితికి పోయితిని. అచ్చట లారీ నుండి దుంగలు దింపుచుండిరి. యజమాని నన్ను చూచి, "ఒక్క పలకా మాస్టారూ? మేము ముక్కలు అమ్మమండీ" అనెను. నేను బ్రతిమాలగా, అడుగు వెడల్పుగల వేపపలక నొకదానిని లాగి యిచ్చెను. "ఆఱినదేనా?" అని యడిగితిని. "ఎండలోనే పడుందిగదండీ" అనెను. ఆ సమాధానమును నేను సమాధానముగా భావించితిని. ఎనిమిది దినములు శ్రమపడి పీట చేసితిని, చూచినవారు మెచ్చుకొనిరి. కార్తికమాసమున చేసిన యా పీట చైత్రము వచ్చునప్పటికి దొప్పవలె వంగెను. మా మనుమరాలు దానిమీద కూర్చుండి ఊగుచు ఆడుకొనజొచ్చెను. మా తండ్రిగారి యొద్ద పని నేర్చిన వృద్ధులొకరు, నాకు పెదతండ్రి వరుసవారు, దానిని త్రిప్పి చూచి, "పని బాగానే ఉందిరా అబ్బాయీ. తప్పు నీ చేతిది కాదు, చెక్కది. మీ నాయన ఆరని చెక్కమీద ఉలి పెట్టేవాడు కాదు" అనిరి.

నాకు పీట పోయినను పింఛను కలదు, నష్టము స్వల్పము. నా శిష్యుడొకని సంగతి అట్లు కాదు. అతడు చురుకైనవాడు, తాతనాటి వృత్తిని తిరిగి చేపట్టవలెనని చిన్న దుకాణము పెట్టెను. ఒక వివాహమునకు మంచమును, రెండు బీరువాలును చేయుటకు బయానా పుచ్చుకొనెను. పెద్దపట్టణములోని వ్యాపారి యొకడు పచ్చి చెక్కను ఆఱిన చెక్కయని యమ్మెను. రెండు మాసములలో మంచము కీళ్ళు విడెను. బీరువా తలుపులు మూతపడవయ్యెను. కొన్నవారు మిగిలిన సొమ్మీయలేదు. ఊరిలో పేరు పోయెను. "నాకు చేతకాదు మాస్టారూ" అని చెప్పి అతడు హైదరాబాదు పోయి ఒక సరకుల గిడ్డంగిలో రాత్రి కాపలా పనిలో చేరెను. పోవునప్పుడు తన పనిముట్ల సంచిని మా యింట నుంచి పోయెను. ఆ సంచి యింకను మా యింటనే యున్నది. వానికి చేతకాకపోలేదు, వానికి కలపను చూపి పెట్టువారు లేకపోయిరి.

ఆఱని చెక్క యేల వంగును? దీనిని క్రొత్తవారు మొట్టమొదట తెలిసికొనవలయును. అప్పుడే నరికిన దుంగలో, ఎండిన చెక్క బరువుతో పోల్చి చూచినచో, నూటికి ఏబది పాళ్ళకు మించియు నీరుండవచ్చును. ఇంటిలోపలి సామానునకు 12 పాళ్ళకు అటునిటుగా తేమయున్న చెక్క తగును. ఆ నీరు పోవునప్పుడు చెక్క సంకోచించును. పొడవున సంకోచము లెక్కింపదగినంత యుండదు, అడ్డమున నుండును. అందును చెట్టు వలయముల వెంబడి కలుగు సంకోచము, నడిబొడ్డు నుండి బెరడు వైపునకు కలుగు సంకోచమునకు సుమారు రెట్టింపు. ఈ భేదమువలననే దుంగ ప్రక్కభాగమునుండి కోసిన వెడల్పు పలక ఆఱునప్పుడు బెరడువైపు ముఖము గుంటపడి, అంచులు పైకి లేచును. నా పీట దొప్పయగుటకు కారణ మిదియే. కావున క్రొత్తవారు అడుగు వెడల్పు పలకను కోరరాదు. నాలుగైదంగుళముల వెడల్పు పలకలను రెండింటిని జతపఱచుకొనుట మేలు. పలక కొసను చూచినప్పుడు వలయపు గీతలు నిలువుగా నిలిచియున్న పలకను ఏఱుకొనుట మఱింత మేలు.

కార్యదర్శిగారి కోరికను బొత్తిగా త్రోసివేయక, శాస్త్రమును గూర్చి యొక మాట చెప్పెదను. క్రీస్తుశకము ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితయందు వనసంప్రవేశమని యొక యధ్యాయమును, శయ్యాసన లక్షణమని యింకొక యధ్యాయమును రచించెను. మంచములకును ఆసనములకును తగిన చెట్లను చెప్పుచు అసనము, చందనము, సాలము, శాకము, శింశుప మొదలగువానిని పేర్కొనెను. అసనమనగా మన వేగిస; శాకమనగా టేకు. పిడుగుపడినవి, వఱదకును గాలికిని కూలినవి, ఏనుగులు త్రోసినవి, తల యెండినవి, తీగలు చుట్టుకొన్నవి పనికిరావనెను. చెక్కలోని రంధ్రములకు సూకరనయనము, వత్సనాభము మొదలగు పేళ్ళు పెట్టి గుణదోషములు చెప్పెను. ఇందు శకునశాస్త్రపు మాటలు కలవు. వానిని నమ్ముటయు మానుటయు ఎవరి యిష్టము వారిది. కాని తల యెండిన చెట్టు రోగగ్రస్తమనియు, గాలికి విఱిగిపడిన మ్రానులో పైకి కనబడని పగుళ్ళుండవచ్చుననియు నేటి యడవిశాఖవారును ఒప్పుకొందురు. ఉలి పట్టుటకు ముందు చెట్టును పరీక్షింపవలెనన్నది మన పెద్దల పద్ధతి. ఆ పరీక్ష యిప్పుడు అడవిలో కాక అడితిలో జరుగవలసియున్నది, అంతియే భేదము.

ఇక లెక్క. అడితివారు కలపను ఘనపుటడుగులలో అమ్ముదురు. పలక వెడల్పును అంగుళములలోను, మందమును అంగుళములలోను, పొడవును అడుగులలోను తీసికొని, మూటిని గుణించి 144 చేత భాగించినచో ఘనపుటడుగులు వచ్చును. పీటకు పండ్రెండంగుళముల వెడల్పు, అంగుళము మందము, అడుగున్నర పొడవు చాలుననుకొందము. జతపఱచినను వెడల్పు మొత్తము అంతియే. అది ఘనపుటడుగులో ఎనిమిదవ వంతు. దుంగలను కొలుచు పద్ధతి వేఱు: చుట్టుకొలతలో నాలుగవ వంతును దానిచేతనే గుణించి, పొడవుచేత గుణింతురు. నాలుగడుగుల చుట్టుకొలత, పండ్రెండడుగుల పొడవుగల దుంగ యీ లెక్కలో 12 ఘనపుటడుగులు. నిజమునకు గుండ్రని దుంగలో పదునైదు ఘనపుటడుగులకు కొంచెము మించి యుండును. కోతలో పోవు తరుగునకై యీ పద్ధతి యేర్పడినది. అనగా మన పిల్లవాని పీటకు కావలసినది అట్టి దుంగలో తొంబదియాఱవ వంతు. అడితి యజమాని వానిని లక్ష్యపెట్టకపోవుటలో ఆశ్చర్యమేమి? అతడు దుష్టుడు కాడు. అతని వ్యాపారము దుంగలలోను లారీలలోను నడచునది. దోషము ఏర్పాటులో నున్నది.

భాస్కరాచార్యుడు 1150వ సంవత్సరమున రచించిన లీలావతిలో క్రకచవ్యవహారమని యొక ప్రకరణమే కలదు. క్రకచమనగా రంపము. మందమును పొడవును కోతల సంఖ్యను బట్టి కోతకూలిని లెక్కగట్టు విధము అందు చెప్పబడినది. ఎనిమిది నూఱేండ్లకు పూర్వము గణితము నేర్చు బాలురకు రంపపుకోత లెక్క పాఠముగా నుండెను. నేడు కొనువానికి లెక్క తెలియదు. అమ్మువాడు చెప్పినదే లెక్క. ఇందొక మెలకువ కలదు: అంగుళపు పలకయని కొన్నది చిత్రిక పట్టిన పిమ్మట ముప్పాతిక అంగుళమే మిగులును. కావలసిన మందమునకు పావు అంగుళము చేర్చి అడుగవలయును.

ఏ కలపతో మొదలుపెట్టవలయును? నల్లతుమ్మ, మద్ది గట్టివి. క్రొత్తవాని యులి మొక్కవోవును, వాని యుత్సాహమును మొక్కవోవును. వేప మంచిదే గాని నార అల్లుకొనియుండుటచే చిత్రికకు లేచిపోవును. మామిడి చౌక, కాని త్వరగా పుచ్చును, మచ్చలు పడును. టేకు ఉలికి లొంగును, వంపు తక్కువ, చేవ పుచ్చదు. ధర మాత్రము ఎక్కువ. ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు కఱ్ఱయు, కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికియు వాడుదురని మీరెఱుగుదురు. అవి మెత్తనివి, బొమ్మలకు తగినవి, సామానునకు కావు. తరతరములుగా ఆ పని చేయువారికే తెల్లపొణికి దొరకుట కష్టమగుచున్నది గనుక, నేర్చువారు దానికి పోటీపడకుండుట ధర్మము.

ఇప్పుడు కలప దొరకు చోటులను ఒక్కొక్కటిగా చెప్పెదను. ఇవి నేను స్వయముగా తిరిగి, కొన్నిచోట్ల మోసపోయి, తెలిసికొన్నవి.

మొదటిది, పెద్ద వడ్రంగశాలలలో మిగులు తునకలు. తలుపులు, ద్వారబంధములు చేయుచోట రెండు మూడడుగుల టేకుముక్కలు కుప్పలుగా మిగులును. వానిని వంటచెఱకుగా తూకమున కమ్ముదురు. అవి చాలవఱకు ఆఱిన చెక్క. కీళ్ళు కోయుట నేర్చుటకు ఇంతకంటె మంచి పాఠ్యపుస్తకము లేదు. మధ్యాహ్నము పని మందగించిన వేళ పోయి, మేస్త్రీగారిని మర్యాదగా అడిగినచో తామే ఏఱి యిచ్చెదరు.

రెండవది, పడగొట్టిన పాతయిండ్ల కలప. కోస్తా జిల్లాలలో మండువా లోగిళ్ళు కూల్చునప్పుడు దూలములు, దంతెలు, స్తంభములు అమ్మకమునకు వచ్చును. వానిలో బర్మానుండి వచ్చిన టేకును కలదు. ఏబది, నూఱేండ్లు ఇంటిలో నిలిచిన చెక్క యిక వంగుటకు కారణమే లేదు. కాని లోపల దిగిన మేకులుండును. అయస్కాంతముతో తడిమి చూడక రంపము పెట్టరాదు. ఇక్కడ ఒక హెచ్చరిక: బర్మా, అనగా నేటి మియన్మారు, 2014వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీనుండి ముడి దుంగల యెగుమతిని నిలిపివేసినది. కావున "క్రొత్త బర్మా టేకు దుంగ, చౌకగా నిచ్చెదను" అనువానిని నమ్మకుడు.

మూడవది, విదేశములనుండి యంత్రములు వచ్చు పెట్టెల పైను చెక్క. ఓడరేవుల యొద్దను, పారిశ్రామికవాడల యొద్దను ఇది దొరకును. మెత్తనిది, నార తిన్ననిది, చౌకయైనది. దానిమీద గోధుమకంకి వంటి గుఱుతును, ప్రక్కన అక్షరములును ముద్రించియుందురు. 2002వ సంవత్సరమున ఏర్పడిన అంతర్జాతీయ నిబంధన యిది. హెచ్.టి. అని యున్నచో వేడిచే శుద్ధిచేసినది, తీసికొనవచ్చును. ఎం.బి. అని యున్నచో మిథైల్ బ్రోమైడను విషవాయువుచే శుద్ధిచేసినది, వదలివేయుడు. నూనెమరకలు, రసాయనముల మరకలు ఉన్నదియు వలదు.

నాలుగవది, ప్లైవుడ్డు దుకాణములలో దొరకు రబ్బరు చెక్క బల్లలు. కేరళ తోటలలో పాలు తగ్గిన రబ్బరు చెట్లను నఱికి, చెక్కను మందునీటిలో నుంచి, కొలిమిగదులలో ఆఱబెట్టి, ముక్కలను వ్రేళ్ళు పెనవేసినట్లు అతికించి, ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్లలుగా చేయుదురు. తేమ సమముగా నుండును, వంపు స్వల్పము. కొన్ని దుకాణములలో సగము బల్లయు, పావు బల్లయు కోసి యిత్తురు. ఇంటిలోపలి అల్మారలకు తగును, వానకు నిలువదు.

అయిదవది, ఊరి కోత మిల్లు. రైతులు గట్లమీద పెంచిన టేకు, మలబారు వేప, మన్యమున కాఫీతోటలకు నీడకై పెంచు సిల్వర్ ఓకు మొదలగునవి ఇట్టిచోట్లకు వచ్చును. ఇవి పచ్చివి. చౌకగా కొని, తానే ఆఱబెట్టుకొను ఓపిక యున్నవానికి మిక్కిలి లాభము. పలకల నడుమ సన్నని బద్దలు పెట్టి, నేలకు తగులకుండ, నీడలో, గాలి తగులునట్లు పేర్చవలయును. కొసలకు రంగో మైనమో పూసినచో చివరలు పగులవు. ఎండలో పడవేయుట ఆఱబెట్టుట కాదు. అది చెక్కను పగులగొట్టుట. అంగుళమునకు ఏడాదియని పెద్దల మాట. మెత్తని చెక్క మన యెండలకు ఇంకను త్వరగా ఆఱును. ఆఱినదో లేదో తెలియుటకు వంటింటి త్రాసు చాలును. ఒక చిన్న పలకను వారమున కొకమాఱు తూచి బరువును దానిమీదనే వ్రాయుడు. మూడు నాలుగు వారములు బరువు తగ్గకున్నచో ఆఱినట్లే. వానకాలములో మాత్రము గాలి తేమచే కొంచెము బరువు పెరుగునని మఱువరాదు.

ఆఱవది, అటవీశాఖవారి కలప డిపోలు. పూర్వము గోదావరిలో తెప్పలుగా కట్టి తేల్చిన దుంగలు రాజమహేంద్రవరము చేరెడివి. ఆ యూరు నాటినుండియు కలప వ్యాపారమునకు ప్రసిద్ధము. డిపోలలో వేలముపాట జరుగును. సరకు మేలైనది, పత్రములు స్వచ్ఛమైనవి. కాని పాటలో అమ్మునది రాశులుగా. ఒక్క నేర్పరి కొనలేడు. పదిమంది కలసినచో కొనవచ్చును.

ఇక అమ్మువానిని గుర్తించుట. అడితికి పోయినప్పుడు ఐదు ప్రశ్న లడుగుడు. ఈ చెక్కను ఎప్పుడు కోసితిరి? ఒక్క పలకను అమ్ముదురా? కుప్పలో నన్ను ఏఱుకొననిత్తురా? మీ యంత్రముమీద చిత్రిక పట్టి యిత్తురా, కూలి యెంత? కలప పేరు వ్రాసి రశీదు నిత్తురా? ఐదింటిలో మూటికి ఔనన్నవాడు మంచివాడు. కుప్పలో ఏఱుకొననీయనివానిని, కోసిన కాలము చెప్పనివానిని విడువుడు, ధర యెంత తక్కువయైనను. పలకను పైకెత్తి ఒక కంట అంచు వెంబడి చూచినచో వంపు తెలియును. అడుగున పిండివంటి పొడి రాలినచో పురుగున్నట్లు. తెల్లచెక్క యెక్కువగా నున్న టేకును చేవ ధరకు కొనరాదు.

రశీదును గూర్చి మఱియొక మాట. టేకు మొదలగు అటవీకలపను ఊరు దాటించుటకు అనుమతి కావలయును; 1967 నాటి అటవీచట్టమును, 1970 నాటి రవాణా నియమములును దీనికి మూలము. ఎఱ్ఱచందనము మాట చెప్పనేవలదు. అది 1995వ సంవత్సరమునుండి అంతర్జాతీయ నియంత్రణలో నున్నది. రాత్రివేళ చౌకగా వచ్చిన కలప పగటివేళ కేసుగా మాఱును. రశీదు లేని కలపతో పని నేర్చిన పిల్లవాడు మొదట నేర్చునది వడ్రంగము కాదు.

పోషకులారా! ఇప్పుడు మిమ్ము ఉద్దేశించి చెప్పుచున్నాను. 2023వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన కేంద్రప్రభుత్వము ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమును ప్రారంభించినది. పదునెనిమిది వృత్తులలో వడ్రంగమును ఒకటి. శిక్షణము, పనిముట్లకై 15,000 రూపాయల వఱకు సహాయము, తక్కువ వడ్డీకి అప్పు అందు కలవు. ఇది మంచిదే. కాని పనిముట్లు పుచ్చుకొని వచ్చిన పిల్లవాడు మఱునాడు ఉదయము దేనిమీద పనిచేయవలయును? పనిముట్లకు పథకము వచ్చినది. ఆఱిన పలకకు ఏ పథకమును రాలేదు. అది మనము చేయదగిన పని, మనము చేయగల పని.

నేను కోరునవి మూడే. మీలో అడితులును, కోత మిల్లులును గలవారు అనేకు లున్నారు. మొదటిది: మీ అడితిలో ఒక మూల, నేర్చువారి కొఱకని ఒక చిన్న అల్మారను కేటాయింపుడు. రెండడుగులనుండి నాలుగడుగుల వఱకు పొడవుగల ఆఱిన పలకలను, కలప పేరును ధరను సుద్దముక్కతో వ్రాసి, అందుంచుడు. ధర్మముగా నీయనక్కఱలేదు, న్యాయమైన వెలకు అమ్మిన చాలును. అది మీ సరకులో నూఱవ వంతు కూడ కాదు. రెండవది: సంఘము ఏటేట ఒక లారీ కలపను కొని, మన భవనము వెనుక పాక వేసి ఆఱబెట్టవలయును. ఈ యేడు పేర్చినది వచ్చు మహాసభనాటికి చాలవఱకు పనికివచ్చును. పెట్టుబడి మునుగునది కాదు; ఆఱిన కలపకు పచ్చి కలపకంటె వెల యెక్కువ. మూడవది: పని మానిన మన పెద్దలు నెలకొక దినము క్రొత్తవారిని వెంటబెట్టుకొని అడితికి పోవలయును. పెద్ద మేస్త్రీ ప్రక్కన నిలుచుండగా పచ్చి పలకను చూపు ధైర్యము ఏ వ్యాపారికిని ఉండదు.

నేర్చువారిలో అన్ని కులములవారును, ఆడపిల్లలును, కంప్యూటరు ఉద్యోగములు చేయుచు సెలవునాడు రంపము పట్టువారును నేడున్నారు. వారిని పరాయివారిగా చూడకుడు. వారు కొను ప్రతి పలకయు ఆ అల్మారను నిలబెట్టును. మన పిల్లలు మాత్రమే కొందురన్నచో అది నిలువదు.

"ఇంత చిన్న విషయమునకు ఇంత యుపన్యాసమా?" అని కొందఱనుకొనవచ్చును. నేను ఉపాధ్యాయుడను. మొదటి పుస్తకము చినిగినది చేతికిచ్చి, చదువు రాలేదని పిల్లవానిని దండించుట అన్యాయమని నాకు తెలియును. మొదటి పలక యట్టిదే. నా శిష్యునికి ఫోనులో ఈ మాటలే చెప్పితిని. "తప్పు నీ చేతిది కాదు" అంటిని. అతడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "పనిముట్లకు నూనె రాస్తున్నారా మాస్టారూ?" అని యడిగెను. రాయుచున్నానని చెప్పితిని. మీ అడితులలో ఏ యొక్కదానిలోనైనను అట్టి అల్మార ఏర్పడినచో, ఆ సంచిని నేనే స్వయముగా తీసికొనిపోయి వాని చేతికిచ్చి, అక్కడి చిరునామా చెప్పెదను.